అమెరికా విప్లవం: మాటలకూ తేదీలుంటాయి

అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్న తెలుగువాళ్ళు ఇంటర్వ్యూకి ముందు కొన్ని ప్రశ్నలూ జవాబులూ బట్టీ పడతారు. వలసవాసులు బ్రిటిష్ వాళ్ళతో ఎందుకు పోరాడారన్నది అందులో ఒకటి. 'ప్రాతినిధ్యం లేని పన్నుల వల్ల' అంటే చాలు, ఆ ప్రశ్న గట్టెక్కినట్టే. పరీక్షకు అంతకంటే అక్కర్లేదు. చరిత్ర చదవాలనుకునేవాళ్ళకు మాత్రం కథ అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ప్రాతినిధ్యమంటే ఏమిటి, పన్నంటే ఏమిటి అన్న రెండు విషయాల మీదా అప్పట్లో ఇరుపక్షాలకూ ఒప్పందం కుదరలేదు. పన్నెండేళ్ళ పాటు కరపత్రాల్లో కొట్లాడుకున్నది చాలావరకు వాటి గురించే.

2026 జులై 4కి స్వాతంత్ర్య ప్రకటన వెలువడి 250 ఏళ్ళు. ఈ సందర్భానికి పదకోశాలకు కొదవ లేదు. దేశభక్తుడు, టోరీ, గణతంత్రం, కాంగ్రెస్ అంటూ వరసగా పేర్చి ఒక్కోదానికీ రెండు వాక్యాల అర్థం రాసిపెడతారు. అవి పనికిరావని కాదు. కానీ ఒక మాటకు 1765లో ఒక అర్థం, 1776లో ఒకటి, 1787లో మరొకటి ఉన్నప్పుడు ఆ రెండు వాక్యాలు ఏ ఏడాదివి? ఎవరి నోటివి? ఆ కాలం మీద గత వందేళ్ళలో వచ్చిన చరిత్రలన్నీ, పైకి ఎన్ని పేర్లు పెట్టుకున్నా, ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

ముందు ప్రాతినిధ్యం సంగతి. 1765 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు స్టాంపు చట్టం చేసింది. పత్రికలు, దస్తావేజులు, పంచాంగాలు, పేకముక్కలు, పాచికలు, అన్నిటికీ ముద్ర రుసుము. మా ప్రతినిధులు లేని సభ మా మీద పన్ను ఎలా వేస్తుందని వలస రాజ్యాలు అడిగాయి. ప్రధాని గ్రెన్‌విల్ దగ్గర ఖజానా కార్యదర్శిగా ఉన్న థామస్ వేట్లీ దానికి ఒక జవాబు రాశాడు. ఇంగ్లండులోనే పదిమందిలో తొమ్మిది మందికి ఓటు లేదు, అయినా వాళ్ళందరికీ పార్లమెంటులో ప్రాతినిధ్యం ఉన్నట్టే. సభ్యుడు తన ఊరికి కాదు, రాజ్యం మొత్తానికి ప్రతినిధి. అమెరికా వాళ్ళ సంగతీ అంతే. ఈ వాదాన్ని ఈరోజు చదివితే నవ్వొస్తుంది గానీ అప్పట్లో అదేమీ వితండవాదం కాదు. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ లాంటి పట్టణాల నుంచి ఒక్క సభ్యుడూ లేడు. ఎవరూ కాపురం ఉండని ఓల్డ్ సేరమ్ దిబ్బ నుంచి మాత్రం ఇద్దరు. అది సహజమేనని చాలామంది నమ్మిన రోజులవి.

మేరీలాండ్ న్యాయవాది డేనియల్ డులనీ ఆ వాదంలో కీలకమైన కీలు పట్టుకున్నాడు. ఇంగ్లండులో ఓటు లేనివాడి మీద పన్ను వేస్తే అది ఓటున్న వాడి మీదా పడుతుంది, అందుకని ఒకరి క్షేమం ఒకరికి కాపలా. అమెరికా మీద వేస్తే ఇంగ్లండు ఓటరుకు బరువు తగ్గుతుంది. ఇద్దరి ప్రయోజనాలూ ఎదురెదురైనప్పుడు ఒకరు మరొకరికి ప్రతినిధి ఎలా అవుతారు? ఆ తర్వాత పదేళ్ళ చర్చకు పునాది ఈ తర్కమే. విచిత్రమేమిటంటే, 1776 వచ్చేసరికి డులనీ స్వాతంత్ర్యం వైపు రాలేదు. విప్లవ ప్రభుత్వం ఆయన ఆస్తిని జప్తు చేసింది. మాటకు పదును పెట్టిన మనిషి ఒక దారిన పోయాడు, మాట ఇంకో దారిన పోయింది.

పన్ను అన్న మాటా ఇంతే. 1766 ఫిబ్రవరిలో కామన్స్ సభ ముందు సాక్ష్యం చెప్పిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, తన వాళ్ళ అభ్యంతరం లోపలి పన్నుల మీదేననీ, రేవుల దగ్గర వేసే సుంకాల మీద కాదనీ అర్థమొచ్చేలా మాట్లాడాడు. ఆ తేడా బ్రిటిష్ ఆర్థికమంత్రి టౌన్‌షెండ్‌కు హాస్యాస్పదంగా తోచినా, పనికొచ్చింది. మీరడిగినట్టే బయటి పన్ను వేస్తున్నానంటూ 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద సుంకాలు వేశాడు. అప్పుడు జాన్ డికిన్సన్ ఒక సాదా రైతు వేషంలో పన్నెండు లేఖలు రాసి గీతను ఇంకోచోట గీశాడు: లోపలా బయటా అన్నది కాదు, వర్తకాన్ని క్రమబద్ధం చెయ్యడానికి వేసిందా, ఆదాయం కోసం వేసిందా అన్నదే ప్రశ్న. దీన్ని చూసి, వలసవాసులు వీలునుబట్టి మాట మార్చారని పాత తరం చరిత్రకారులు చాలామంది రాశారు. ఎడ్మండ్, హెలెన్ మోర్గాన్ దంపతులు 1953లో స్టాంపు చట్టం సంక్షోభంపై తెచ్చిన పుస్తకంలో దీన్ని కాదన్నారు. శాసనసభల తీర్మానాలు చూస్తే మొదటి నుంచీ ఏ పన్నూ ఒప్పుకోలేదనీ, లోపలా బయటా అన్న తేడా లండన్‌లోనే ఎక్కువ చెలామణీ అయిందనీ వాళ్ళ వాదం. మోర్గాన్లదే సరైన దారి అని నాకనిపిస్తుంది. అయితే తీర్మానాల్లో ఉన్నంత తేటదనం కరపత్రాల్లో లేదన్నదీ నిజమే.

ఇక్కడ మన వైపు నుంచి చూడాల్సిన సంగతి ఒకటుంది. స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే, ఆగస్టులో, ఈస్టిండియా కంపెనీ మొగల్ చక్రవర్తి షా ఆలం దగ్గర బెంగాల్ దివానీనీ, ఉత్తర సర్కార్లకు ఫర్మానానీ పుచ్చుకుంది. అదే సామ్రాజ్యం, అదే ఏడాది, ఇక్కడ శిస్తు వసూలు హక్కు చేతులు మారింది. బోస్టన్‌లో అడిగిన ప్రశ్న రాజమండ్రిలో అడగడానికి తావే లేదు. ఎందుకంటే అప్పటికి అమెరికా వాళ్ళు అడుగుతున్నది మనుషులందరి హక్కు కాదు, ఇంగ్లిషు వాళ్ళ హక్కు. పుట్టుకతో తమకు వచ్చిందని వాళ్ళు నమ్మిన పాత ఆస్తి అది. ఇంగ్లిషు హక్కు కాస్తా ప్రకృతి సిద్ధమైన హక్కుగా మారడానికి పదేళ్ళు పట్టింది.

ఆ కంపెనీయే 1773లో అమెరికా రేవులకు తేయాకు పంపింది. సరుకు చైనాది, అప్పులు మాత్రం చాలావరకు ఇక్కడివి. బెంగాల్ కరవు కాలంలో కంపెనీ తిండిగింజలను గుప్పిట పెట్టుకుని పేదల ప్రాణాలు తీసిందని డికిన్సన్ ఆ ఏడాది చివర్లో ఇంకో మారుపేరుతో రాశాడు. ఇప్పుడు వాళ్ళ కన్ను అమెరికా మీద పడిందన్నది దాని సారాంశం. డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో పెట్టెలు సముద్రం పాలయ్యాయి. మనమంతా దాన్ని 'బోస్టన్ టీ పార్టీ' అంటాం. ఆనాటి వాళ్ళు అనలేదు. వాళ్ళకది తేయాకు ధ్వంసం, అంతే. ఆ సరదా పేరు 1820లు, 30లలో గానీ వాడుకలోకి రాలేదు. జార్జ్ రాబర్ట్ ట్వెల్వ్స్ హ్యూస్ అనే ముసలి చెప్పుల పనివాడి జ్ఞాపకాలతో 1834, 1835లలో వచ్చిన రెండు పుస్తకాలు దాన్ని స్థిరపరిచాయి. ఆల్‌ఫ్రెడ్ యంగ్ 1999లో హ్యూస్ మీద రాసిన పుస్తకం ఈ మొత్తం చర్చలో నాకు బాగా నచ్చినవాటిలో ఒకటి. ఆస్తి ధ్వంసం చేసిన గుంపును తలుచుకోవడం పెద్దమనుషులకు ఇబ్బందిగా ఉండి చాలాకాలం మరుగున పెట్టారనీ, విందు అన్న పేరు తగిలాక అది ముచ్చటైన కథగా మారిందనీ ఆయన చూపించాడు.

పక్షాల పేర్ల విషయంలో తెలుగు పాఠకుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. విగ్, టోరీ అన్న రెండూ ఇంగ్లండు రాజకీయాల్లో తిట్లుగా పుట్టినవే. ఒకటి స్కాట్లండ్‌ది, ఇంకోటి ఐర్లండ్ దొంగలది. అమెరికాలో తిరగబడినవాళ్ళు తమను విగ్గులమనుకున్నారు, ఎదుటివాళ్ళను టోరీలన్నారు. ఆ ఎదుటివాళ్ళలో చాలామంది ఇంగ్లండు లెక్కన టోరీలు కానే కారు, పార్లమెంటు గొప్పదనాన్ని నమ్మిన విగ్గులే. 'పేట్రియట్' అన్నది దేశభక్తుడు అనుకుంటే, ఏ దేశానికి అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. 1776కు ముందు అది దర్బారు అవినీతిని ఎదిరించేవాడి పేరు. శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు 1773 కూర్పులో, ప్రభుత్వంలో చిచ్చు పెట్టేవాడికి కూడా ఈ మాట వాడుతున్నారని ఒక చురక చేర్చాడు. ఇక మూడోవంతు జనం అటు, మూడోవంతు ఇటు, మిగతా వాళ్ళు తటస్థం అని జాన్ ఆడమ్స్ చెప్పినట్టు పాఠ్యపుస్తకాల్లో తిరిగే లెక్క ఉంది చూశారూ, దానికి ఆధారమైన 1815 నాటి లేఖ ఫ్రెంచి విప్లవం మీద అమెరికన్ల అభిప్రాయాల గురించి. తేదీ చూడకుండా మాటను పట్టుకుంటే ఇలాగే ఉంటుంది. రాజు పక్షం వాళ్ళు తెల్లవారిలో అయిదోవంతు దాకా ఉండొచ్చని ఇప్పటి అంచనా. దేశం విడిచిపోయినవాళ్ళు 60 వేల దాకా ఉంటారని మాయా జాసనాఫ్ లెక్కగట్టింది.

ఈ మాటలన్నీ మనస్ఫూర్తిగా అన్నవేనా? ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో చాలామంది జవాబు, కాదు. చార్లెస్ బియర్డ్ 1913లో రాజ్యాంగ నిర్మాతల ఆస్తిపాస్తులు తవ్వి తీశాడు. ఫిలిప్ డేవిడ్‌సన్ 1941లో రాసిన పుస్తకం పేరులోనే విప్లవ సాహిత్యాన్ని ప్రచారమన్నాడు. వాళ్ళ దృష్టిలో హక్కుల మాటలు తెర, వెనకాల ఉన్నది అప్పులు, భూములు, వ్యాపారం. 1967లో బెర్నార్డ్ బెయిలిన్ ఈ బండిని అడ్డంగా తిప్పేశాడు. విప్లవానికి ముందు అచ్చయిన నాలుగొందల కరపత్రాలను వరసపెట్టి చదివాక ఆయనకు తేలింది, వీళ్ళు అన్నది నమ్మే అన్నారని. అవినీతి, కుట్ర, బానిసత్వం అన్న మాటలు అతిశయోక్తులుగా కనిపించినా, 1720లలో ట్రెంచర్డ్, గోర్డన్ లాంటి ఇంగ్లండు ప్రతిపక్ష రచయితలు రాసినవి చదువుకుని పెరిగిన తరానికి అవి ఖచ్చితమైన మాటలు. అవినీతి అంటే లంచం ఒక్కటే కాదు. రాజు దగ్గర కొలువులూ పింఛన్లూ తీసుకుని సభ్యులు స్వతంత్రత పోగొట్టుకోవడం. సుగుణం అంటే ఇంటి మంచితనం కాదు. సొంత లాభం పక్కనబెట్టి పదిమంది మేలు చూడటం.

బెయిలిన్ శిష్యుడు గోర్డన్ వుడ్ 1969లో ఆ మాటలు 1776 నుంచి 1787 దాకా ఎలా మారాయో రాశాడు. జె.జి.ఎ. పోకాక్ 1975లో సుగుణం వేళ్ళు ఫ్లోరెన్సులోని మాకియవెల్లి దాకా లాగాడు. అక్కడి నుంచి వరద. రిపబ్లికనిజం అన్నది అన్ని తాళాలకూ చెవి అయిపోయింది. కార్మిక సంఘాలు, తల్లుల పెంపకం, దక్షిణాది దొరలు, అన్నిటినీ దాంతోనే తెరిచారు. 1992లో డేనియల్ రాజర్స్ ఒక వ్యాసంలో ఈ భావన పుట్టుక, వైభవం, అలసట మొత్తం నడిపించి చూపాక ఆ జోరు తగ్గింది. ఒక కాలపు మాటలను వెతకబోయి చరిత్రకారులు తమ సొంత పారిభాషిక పదానికే బందీలైన తీరుకు ఆ వ్యాసం మంచి సాక్ష్యం.

బెయిలిన్ చేసిన మేలు తీసివేయలేనిది. కానీ ఆయన నమ్మకంగా చదివిన మాటల్లో ఒకటి ఆయన చేతిలోనే తేలికైపోయింది. బానిసత్వం. 1776 నాటికి 25 లక్షల జనాభాలో దాదాపు 5 లక్షల మంది నల్లవారు బానిసలు. తేయాకు సుంకం కడితే బానిసలమైపోతామని రాసినవాడి ఇంట్లో ఆ మాటకు ఇంకో అర్థం నీళ్ళు మోస్తోంది. నల్లవారిని తోలేవాళ్ళే స్వేచ్ఛ కోసం అందరికంటే బిగ్గరగా అరుస్తున్నారేమని జాన్సన్ 1775లో ఎద్దేవా చేశాడు. కపటం అనేసి ఊరుకోవడం తేలిక. ఎడ్మండ్ మోర్గాన్ 1975లో వర్జీనియా మీద రాసిన పుస్తకం అంతకంటే బరువైన మాట అంది: అక్కడ తెల్లవారి మధ్య సమానత్వం ఊహకు అందిందే, శ్రమ చేసేవాళ్ళు బానిసలు కావడం వల్ల.

అయితే ఆ మాటను రెండు అర్థాలతోనూ ఒకేసారి పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. 1773 ఏప్రిల్‌లో ఫీలిక్స్ హోల్‌బ్రూక్, మరో ముగ్గురు నల్లవారు మసాచుసెట్స్ ప్రతినిధులకు ఒక అచ్చు విజ్ఞాపన పంపారు. తమను బానిసలను చెయ్యాలని చూసేవారిని ఇంత గట్టిగా ఎదిరిస్తున్న పెద్దల నుంచి గొప్ప మేలే ఆశిస్తున్నామన్నది దాని ధోరణి. మర్యాదకు మర్యాద, పోటుకు పోటు.

అదే మసాచుసెట్స్ పడమటి కొసన షెఫీల్డ్ అనే ఊళ్ళో జాన్ ఆష్లీ ఇల్లుంది. ఈ మొత్తం కథను ఒక్కచోట చూడాలంటే ఆ ఇంటికి మించింది లేదు. 1773 జనవరిలో ఊరి పెద్దలు అక్కడ కూర్చుని, ప్రకృతి సిద్ధంగా మనుషులంతా సమానులనీ, తమ ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి తాము అనుభవించే హక్కు ఉందనీ తీర్మానం రాశారు. సంఘానికి అధ్యక్షుడు ఆష్లీ, గుమాస్తా పని చేసింది థియొడోర్ సెడ్జ్‌విక్ అనే యువ న్యాయవాది. ఆ ఇంట్లో బెట్ అనే బానిస స్త్రీ పని చేసేది. ఆమెకు చదవడం రాయడం రాదు, చెవులు మాత్రం ఉన్నాయి. 1780లో మసాచుసెట్స్ రాజ్యాంగం వచ్చింది. మనుషులంతా స్వేచ్ఛగా, సమానులుగా పుడతారని దాని మొదటి అధికరణం. యజమానురాలు కాలిన పారతో ఇంకొకరిని కొట్టబోతే బెట్ అడ్డం వెళ్ళి చేతి మీద దెబ్బ తింది. ఇల్లు వదిలి తిన్నగా సెడ్జ్‌విక్ దగ్గరికే వెళ్ళి, ఆ చట్టం నాకు వర్తించదా అని అడిగింది. బ్రామ్ అనే మరో బానిసతో కలిసి వేసిన ఆ దావా 1781 ఆగస్టులో గ్రేట్ బారింగ్‌టన్ కోర్టుకొచ్చింది. జ్యూరీ వాళ్ళిద్దరూ ఆష్లీ బానిసలు కారని తేల్చి, 30 షిల్లింగుల నష్టపరిహారమూ ఖర్చులూ ఇప్పించింది. ఆష్లీ అప్పీలు వేసి మళ్ళీ తనే మానుకున్నాడు. ఆమె ఎలిజబెత్ ఫ్రీమన్ అని పేరు పెట్టుకుంది. 1790 జనాభా లెక్కల్లో మసాచుసెట్స్‌లో బానిసల గడిలో సున్నా ఉంది. ఈ ఒక్క తీర్పు వల్లే అనలేం, అదే రాష్ట్రంలో స్వేచ్ఛ కోసం నడిచిన క్వాక్ వాకర్ దావాలు కూడా ఉన్నాయి. సమానులు అన్న మాట రాసినవాళ్ళు ఎవరిని ఉద్దేశించారన్నది ఒక ప్రశ్న. దాన్ని పట్టుకుని కోర్టు మెట్లెక్కినవాళ్ళకు అది ఎంతదూరం వచ్చిందన్నది రెండోది. గత యాభై ఏళ్ళ మంచి పరిశోధన రెండో ప్రశ్న వెంట పడింది. గ్యారీ నాష్ రేవు పట్టణాల కూలీల వెంట, మేరీ బెత్ నార్టన్, లిండా కెర్బర్ ఆడవాళ్ళ వెంట వెళ్ళారు.

ఆడవాళ్ళ ఓటు కథ ఒక్క మాట మీద నడిచింది. 1776 నాటి న్యూజెర్సీ రాజ్యాంగం 50 పౌండ్ల ఆస్తి ఉన్న 'నివాసులందరికీ' ఓటిచ్చింది. మగవాళ్ళు అనలేదు, తెల్లవాళ్ళు అనలేదు. పెళ్ళయిన స్త్రీ ఆస్తి చట్టరీత్యా మొగుడిది కాబట్టి వితంతువులూ, పెళ్ళికాని వాళ్ళూ ఓటు వేశారు, కొందరు స్వేచ్ఛ పొందిన నల్లవారు కూడా. 1807లో ఓటు స్వేచ్ఛ గల తెల్ల మగ పౌరులకే అంటూ కొత్త చట్టం ఆ తలుపు మూసేసింది. ఫిలడెల్ఫియాలోని విప్లవ మ్యూజియం ఈమధ్య ఆ స్త్రీల పేర్లున్న పోలింగ్ జాబితాలు వెలికితీసింది.

'పౌరులు' అన్న మాటకు ఇంకా చిన్న, ఇంకా విలువైన సాక్ష్యం ఉంది. జెఫర్సన్ స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతిలో ఒకచోట ముందు 'సబ్జెక్ట్స్' అని, అంటే రాజుగారి ఏలుబడిలో ఉన్నవాళ్ళని, రాసి, సిరా ఆరకముందే తుడిచేసి దానిమీదే 'సిటిజన్స్' అని రాశాడు. కంటికి కనిపించని ఆ మొదటి మాటను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ప్రత్యేక ఛాయాచిత్రాలతో బయటపెట్టినట్టు 2010లో ప్రకటించింది. ఆ వాక్యం తుది ప్రకటనలో లేదు. అయినా తరతరాల అలవాటు చేతిలోంచి జారిన ఆ క్షణం కాగితం మీద అలాగే ఉంది. అదే ప్రకటన మూలవాసులను కనికరం లేని అనాగరికులంది. వాళ్ళూ పేర్లు పెట్టారు. 1779లో జార్జ్ వాషింగ్టన్ పంపిన సైన్యం ఇరొక్వా జాతుల ఊళ్ళు నలభైకి పైగా తగలబెట్టాక, ఆయనకు పూర్వం నుంచి ఉన్న 'ఊళ్ళు కూల్చేవాడు' అన్న పేరు స్థిరపడిపోయింది. 1790లో సెనెకా నాయకులు ఆ సంగతి ఆయన ముఖానే చెప్పారు.

యుద్ధం ముగిశాక మాటల పని తగ్గలేదు. ఇంగ్లండులో రాజ్యాంగమంటే చట్టాలు, ఆచారాలు అన్నీ కలిసిన ఏర్పాటు. అమెరికాలో అది శాసనసభ కూడా తాకకూడని రాతప్రతి అయింది. శాసనసభ రాసిన రాజ్యాంగం శాసనసభనే ఎలా కట్టడి చేస్తుందని కాంకర్డ్ ఊరి సభ 1776 అక్టోబరులో అడిగిన ప్రశ్న ఏ తత్వవేత్త అడిగినదానికీ తీసిపోదు. ఫెడరల్ అన్న మాటకు 1787 దాకా రాష్ట్రాల కూటమి అని అర్థం. గట్టి కేంద్రం కోరినవాళ్ళే ఆ పేరును ముందుగా కాజేసి, నిజంగా కూటమి కావాలన్న వాళ్ళకు వ్యతిరేకులన్న పేరు అంటగట్టారు. ఆమోదించేవాళ్ళకు ఇంగ్లిషులో ఉన్న మాటను కురచ చేసి, ఎలుకలు, ఎలుక వ్యతిరేకులు అనాల్సిందని ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ 1789లో సభలోనే వెటకరించాడు. 'ప్రజలమైన మేము' అన్న ప్రారంభానికి ముందు ముసాయిదాలో రాష్ట్రాల పేర్లు వరసగా ఉండేవి. తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలన్నారు, ఏ తొమ్మిదో తెలియదు, అందుకని పేర్లు తీసేయక తప్పలేదు. గవర్నీర్ మోరిస్ కలం ఆ అవసరానికి ఒక గంభీరమైన రూపమిచ్చింది. మేము రాష్ట్రాలు అనకుండా మేము ప్రజలు అన్నారేమని ప్యాట్రిక్ హెన్రీ వర్జీనియాలో నిలదీశాడు. ఆయన అనుమానం తప్పు కాదు. ఇక బానిస, బానిసత్వం అన్న మాటలేవీ ఆ రాజ్యాంగంలో 1865 దాకా కనిపించవు. ఇతర వ్యక్తులు అని దాటవేశారు. రాయకుండా వదిలిన మాటలకు పదకోశంలో చోటు ఎలా ఇవ్వాలో నాకైతే తెలిసిన పద్ధతి లేదు.

ఇప్పుడు సాధనాలు మారాయి. 2013 నుంచి ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో వాషింగ్టన్, జెఫర్సన్ ప్రభృతుల ఉత్తరాలు ఉచితంగా వెతుక్కోవచ్చు. బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం ఆ కాలపు అమెరికా ఇంగ్లిషు రాతలను ఒక శోధన నిధిగా పెట్టింది. ఆయుధాలు ధరించడం అన్న పదబంధం తుపాకుల హక్కుపై 2008లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన హెల్లర్ తీర్పుకు కీలకమైంది. అది అప్పట్లో ఎక్కువగా సైనిక అర్థంలోనే వాడారని ఈ నిధిలో వెతికినవాళ్ళు చూపించారు. ఎక్కువసార్లు వచ్చిందే అసలు అర్థం కానక్కర్లేదని అవతలివాళ్ళు. రెండు వాదాలకూ దమ్ముంది. నాకున్న అభ్యంతరం వేరు. ఈ నిధుల్లో బరువంతా ఉత్తరాలు దాచుకున్న కొద్దిమంది పెద్దమనుషులదీ, అచ్చుయంత్రం అందుబాటులో ఉన్నవాళ్ళదీ. అక్కడ సమానులు అన్న మాట వెతికితే ఆడమ్స్ వందలసార్లు దొరుకుతాడు. ఫ్రీమన్ ఆ మాటను ఏ అర్థంలో వాడిందో తెలుసుకోవాలంటే బెర్క్‌షైర్ కౌంటీ కోర్టు రికార్డుల దాకా వెళ్ళాలి. అక్కడ కూడా ఉన్నది ఆమె మాట కాదు, గుమాస్తా రాసుకున్న ఫలితం.